ఫరీదాబాద్ అవతల నేను నేర్పిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చనే నమ్మకం నాకూ, మా అమ్మకూ తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి, ధౌలా కువాన్ దగ్గర హాస్టల్లో ఉంటూ టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. ప్రాక్టీసుకి నన్ను ఫరీదాబాద్ అవతల, మనుషుల కంటే గేదెలే ఎక్కువ కనిపించే ఒక ఊరి ప్రైమరీ స్కూలుకి పంపారు. మా సూపర్‌వైజర్ మేడమ్ షరతు ఒక్కటే: క్లాసులో హిందీ ముక్క వినపడితే ఫెయిల్! నాకేం దిగులు వేయలేదు. (నా హిందీ ఆటోవాడితో బేరం దగ్గరే ఆగిపోయింది. అందులోనూ గెలుపు వాడిదే.)

పాఠం ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. కానీ కోపం ఇంగ్లీషులో రాదు కదా! మూడో తరగతి పిల్లలు బెంచీలెక్కి గంతులేస్తుంటే, నోట్లోంచి అచ్చ గోదావరి తెలుగు ఊడిపడేది. వాళ్ళు ఠక్కున కూర్చునేవాళ్ళు. నా ఇంగ్లీషుకి ఏనాడూ దొరకని మర్యాద దానికి దొరికేసరికి, నేనూ దాన్నే నమ్ముకున్నాను.

మేడమ్ తనిఖీకి వచ్చే రోజు రానే వచ్చింది. ఆవిడ సంతకం పెడితే పాసు, లేదంటే పెట్టె సర్దుకుని కాకినాడ రైలెక్కడమే. ఆవిడ వెనక బెంచీలో కూర్చుని, "బచ్చో, దీదీ నేర్పిన ఇంగ్లీషు వినిపించండి" అని హిందీలో అడిగింది. (షరతు మాకే, ఆవిడకి కాదు.) ముందు వరసలోంచి రెండు జడల పిల్ల లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం నా గొంతుతోనే దంచింది: "ఒరేయ్, కూర్చోండ్రా! నా ప్రాణాలు తోడెయ్యకండ్రా బాబూ!"

మేం చెబుతామంటే మేం చెబుతామని లేచిన క్లాసంతా టపీమని కూర్చుంది. వాళ్ళతో పాటు నేనూ కూర్చున్నాను.

"యే కౌన్‌సీ భాషా హై?" అంది మేడమ్, ఇదేం భాషరా అన్నట్టు.

"అంగ్రేజీ, జీ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. పాపం, వాళ్ళ లెక్కలో తప్పేముంది? ఇంగ్లీషు దీదీ హిందీ మాట్లాడకూడదు, కాబట్టి దీదీ నోట హిందీ కానిదల్లా ఇంగ్లీషే!

మేడమ్ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది. తరవాత, "అచ్ఛా, హిందీ అయితే ఒక్క ముక్కా వినపడలేదు" అంటూ సంతకం పెట్టేసింది.

ఆఖరి రోజు ఆటో ఎక్కుతుంటే పిల్లలంతా గేటు దాకా వచ్చి, రోజూ బడి వదలగానే నేను వాళ్ళతో అనే మాటే నాకు అప్పజెప్పారు: "జాగ్రత్తగా వెళ్ళండమ్మా!" ఢిల్లీ వచ్చాక నన్ను తెలుగులో సాగనంపినవాళ్ళు వాళ్ళే. ఆటోలో ఏడ్చేశాను.

ఇప్పుడు ఫరీదాబాద్‌లోనే కాపురం. మా అబ్బాయిని "కూర్చోరా" అంటే, "క్యోం, మమ్మా?" అని హిందీలో ఎందుకంటాడు. ఆ ఊళ్ళో రెండు జడల పిల్ల మాత్రం తమ్ముళ్ళని ఇంకా నా ఇంగ్లీషులోనే కూర్చోబెడుతూ ఉంటుందని నా ఆశ. అంత బాగా వచ్చేట్టు నేను మళ్ళీ ఎవరికీ, ఏదీ నేర్పలేకపోయాను.