అత్త పాటలో మూడో వరుస

మొన్న సోమవారం పొద్దున పదకొండు గంటలప్పుడు నాకొక ఫోన్ వచ్చింది. మార్కాపురంలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్లు చేయడం నా ఉద్యోగం. ఎవరిదో పెళ్లి బ్యానర్ మీద అక్షరాలు సర్దుతున్నాను. ఫోన్ చేసింది మా పక్కింటి అత్త కూతురు.

"మా అమ్మ పోయింది. నిన్ను రమ్మని చెప్పడంలా. తెలియాలని చెప్తున్నా, అంతే," అని పెట్టేసింది.

ఆ మాటకు నేను నొచ్చుకోలేదు. పోయిన ఏడాది ఎండాకాలం నుంచి ఆ ఇంటికీ నాకూ మధ్య నడిచింది తెలిసినవాళ్లెవరూ నొచ్చుకోరు. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరమూ కాస్త మెత్తబడతాం. నేను అట్లా రాస్తే ఆమె ఒప్పుకోదు. ఆమెకు మెత్తని మాటలు పడవు. నన్ను క్షమించిందని గానీ, ఆశీర్వదించిందని గానీ మీకు చెప్పను. అట్లాంటిదేమీ జరగలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్లం, మధ్యలో ఒకటే గోడ. నేను అత్తా అని పిలిచేవాణ్ణి, ఆమె అల్లుడా అనేది. పదహారేళ్లప్పుడు పలకల ఫ్యాక్టరీలో చేరి, రాతిని కోసే మిషను దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసింది. అంతకుముందు చర్చిలో పాడేది. మైకు లేకున్నా ఆమె గొంతు రోడ్డు దాకా వినబడేదని పాతవాళ్లు చెబుతారు. మిషను దగ్గర లేచే దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. నేను చూసేనాటికి ఆమె మంచినీళ్ల బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడేది.

నేను పాటలు కడతాను. కంపెనీ లేదు, సినిమా లేదు. ఒక గిటారు, ఒక లాప్‌టాప్, ఒక మైకు, బయటి చప్పుడు రాకుండా దుప్పట్లు కట్టుకున్న ఒక గది. తయారైన పాటను నేనే ఇంటర్నెట్‌లో పెడతాను. వినేవాళ్లు కొద్దిమంది. గోడకు అవతల ఒక మనిషి వింటోందని, ఆ వాటాలో చేరిన నాలుగో రోజునే నాకు తెలిసింది.

"అల్లుడా, పైనుంచి రెండో తీగ దిగింది. బిగించుకో," అని గోడ అవతల నుంచి అరిచింది. బిగించి చూసుకుంటే ఆమె చెప్పిందే నిజం.

ఆమె అంతగా పాటలు వినే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పొద్దున లేవగానే రేడియో. అది అయిపోతే కూతురు కార్డులో ఎక్కించి ఇచ్చిన పాటల ఫోను. వినేటప్పుడు మాట్లాడేది కాదు, తల ఊపేది కాదు. నచ్చకపోతే సగంలో టక్కున ఆపేసేది. "అబద్ధం పాడుతున్నాడు," అనేది. అబద్ధమని ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "ఊపిరి యాడ తీసుకుంటున్నాడో చూడు. మాటను దాస్తాడు, ఏడుపు దాస్తాడు, ఊపిరిని యాడ దాస్తాడు?" అంది. నా పాటలు కూడా ఆమె చాలాసార్లు సగంలోనే ఆపేసింది. నాకు వచ్చిన విమర్శల్లో ఉపయోగపడినవన్నీ ఆ గోడ అవతల నుంచి వచ్చినవే.

పోయిన ఏడాది మే నెలలో ఒక ఉదయం, పిచ్చుకల చప్పుడు రికార్డు చేద్దామని మిద్దె మీద మైకు పెట్టాను. కింద వాకిట్లో ఆమె చాటలో కందులు చెరుగుతూ ఏదో రాగం తీస్తోంది. మాటల్లేవు. రెండు వరుసలు మెల్లగా నడిచాయి. మూడో వరుస కొంచెం ఎత్తుకుని, గబుక్కున కిందికి జారి, ఒక చిన్న ఎగఊపిరితో ఆగింది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే జారింది. మైకును అటు తిప్పాను. ఆమెను అడగలేదు. ఆ రాగాన్ని, ఆ ఊపిరితో సహా, నా పాట మధ్యలో పెట్టి ఇంటర్నెట్‌లోకి వదిలాను. కింద 'పక్కింటి గొంతు' అని రాశాను. అదే పెద్ద మర్యాద అనుకున్నాను.

నా పాటల్లో అదొక్కటే జనంలోకి పోయింది. అందరూ మెచ్చుకున్నది ఆ ఊపిరినే. నెల తిరిగేసరికి దాని మీద చిన్న చిన్న వీడియోలు వచ్చాయి. అత్త కూతురు గిద్దలూరులో బట్టల షాపులో పనిచేస్తుంది. తోటి అమ్మాయి ఫోనులో తన తల్లి గొంతు విని, ఆదివారం రైలెక్కి వచ్చి నా తలుపు బాదింది.

"మా అమ్మను అడిగినావా?"

"మంచిగానే వాడాను వదినా. ఎంతమంది మెచ్చుకున్నారో చూడు."

"అడిగినావా లేదా?"

లేదన్నాను. అత్త వాకిట్లో నిలబడి వింటోంది. పాట పెట్టమంది. పెట్టాను. సగంలో ఆపుతుందనుకున్నాను. కడదాకా వింది. "ఇది నా గొంతు కాదు, నా రోగం. తీసెయ్," అంది.

నేను తీయలేదు. రేపు తీస్తా, ఎల్లుండి తీస్తా అన్నాను. కారణం దాచడం దేనికి? పన్నెండేళ్లు పాటలు కడితే జనం విన్నది అదొక్కటే. ఆ పాట కోసమే హైదరాబాదులో మాబోటి సొంతంగా పాడుకునేవాళ్ల కార్యక్రమం ఒకదానికి రమ్మని పిలిచారు. వెళ్లాను. చీకటి హాలులో లాప్‌టాప్ నుంచి ఆమె ఊపిరి వినిపిస్తే రెండువందల మంది కిక్కురుమనకుండా కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు. తల వంచి తీసుకున్నాను.

తిరిగి వచ్చిన రోజు ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ కార్యక్రమం వీడియో ఆమెకు ఎవరో చూపించారట.

"నా ఆయాసాన్ని స్టేజీ మీద పెట్టినావంట గదరా."

ప్రయాణపు అలసట, చప్పట్ల పొగరు రెండూ నాలో ఉన్నాయి. "అత్తా, నేను లేకుంటే నీ గొంతు ఎవరు వింటారు?" అన్నాను.

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఎవరూ ఇనగూడదనే గదరా ఇన్నేళ్లు నోరు మూసుకున్నా. నా పాత గొంతు ఇన్నోళ్లు ఉన్నారు ఈ ఊర్లో. వాళ్లకు అదే గుర్తుండాల. దాన్ని చెరిపి దీన్ని పెట్టినావు గదరా." అప్పటిదాకా అల్లుడా అన్న మనిషి, ఆ రోజు నుంచి నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు.

తర్వాత జరిగింది యుద్ధం. నేను మైకు ఆన్ చేస్తే చాలు, అవతల మిక్సీ తిరిగేది. అందులో ఏమీ ఉండేది కాదు, ఖాళీ మిక్సీ. నేను ఆపితే అదీ ఆగేది. నేనూ ఊరుకోలేదు. ఆమె రేడియో పెట్టగానే స్పీకరు గోడ వైపు తిప్పేవాణ్ణి. ఊపిరాడని మనిషితో, ఆరోగ్యంగా ఉన్న ముప్పై రెండేళ్ల వాణ్ణి, పంతానికి పోయాను. వీధిలో సగంమంది నన్ను ఛీకొట్టారు. మిగతా సగం ఆమెను, "పేరొస్తుంటే వద్దంటదేంది ఈమె," అన్నారు. చర్చిలో పాడే ఒక అమ్మాయి ఆమెను ఆపి, "పిన్నీ, ఆ ఊపిరి ఒకసారి తియ్యవా, వీడియో చేసుకుంటా," అని అడిగిందట. ఆ ఆదివారం నుంచి ఆమె చర్చికి పోవడం మానేసింది.

నాకు బుద్ధి వచ్చింది గొప్ప ఆలోచన వల్ల కాదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఫోను చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. లావుపాటి మనిషి ఒకడు బస్సు వెనక పరుగెత్తి, అందుకోలేక వంగి నిలబడితే, వాడి నోటికి అత్త ఊపిరి అతికించారు. నేను నవ్వాను. బయటికి వినబడేట్టు నవ్వాను. అప్పుడే గోడ అవతల దగ్గు మొదలైంది. చాలాసేపు ఆగలేదు.

ఆ పూటే పాట తీసేశాను. దాంతో చేసిన వీడియోలు మూగబోయాయి. లాప్‌టాప్ పట్టుకుని ఆమె వాకిట్లోకి పోయాను. లోపలికి రమ్మనలేదు. మెట్టు మీద కూర్చుని, ఆమె చూస్తుండగా, అసలు రికార్డింగు, దాని కాపీలు ఒక్కొక్కటే చెరిపేశాను. "ఇంకోటి యాడన్నా పెట్టినావా?" అని మూడుసార్లు అడిగింది. ప్రమాణం చేయమంది. చేశాను.

లేచి వస్తుంటే వెనక నుంచి అంది: "చెవిటోడా. పాట కూడా తప్పే."

ఏం తప్పని అడిగాను.

"మూడో వరుస కిందికి దిగదు. నాకు ఊపిరి చాలక దిగింది. అది పైకి పోతది."

అప్పుడే తెలిసింది, ఆ పాట ఆమె సొంతంగా కట్టింది. ఫ్యాక్టరీలో మిషను చప్పుడుకు సరిపడా కట్టుకుంది. మాటలు నెమ్మదిగా, పాడకుండా, చదివినట్టు చెప్పింది:

"పలకా పలకా నల్లని పలకా,
ఎవరి బిడ్డ ఒళ్లో చేరేవే పలకా,
ఏమి రాసిందో పైకి చదువు."

పైకి చదువు అనేచోట రాగం పైకి పోవాలి. మాట వింటే ఎవరికైనా తెలుస్తుంది. నేను మాటే అడగలేదు.

ఆ తర్వాత మూడు నెలలు, వారానికి రెండు మూడుసార్లు, దుకాణం నుంచి వచ్చి ఆ మెట్టు మీద కూర్చునేవాణ్ణి. రమ్మని ఆమె పిలవలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె పాడి చూపించలేదు. చెయ్యి గాల్లో ఎత్తి చూపేది, ఇంత, ఇంకొంచెం, ఇక్కడ ఆగి, మళ్లీ ఇంత. నేను పాడేవాణ్ణి. "కాదు." మళ్లీ పాడేవాణ్ణి. "కాదు. కోమటి కొట్లో సరుకు అడిగినట్టు పాడుతున్నావు." ఒకరోజు నాకు విసుగొచ్చి, నువ్వే పాడి చూపించు అన్నాను. ఆమె చెయ్యి దించి, లోపలికి పోయి తలుపేసుకుంది. పదిరోజులు తీయలేదు. పదకొండో రోజు తీసి, ఏమీ జరగనట్టు చెయ్యి ఎత్తింది.

మార్చిలో ఆక్సిజన్ సిలిండరు ఇంటికి వచ్చింది. ముక్కుకు ఆ గొట్టంతోనే ఒకసారి నేను పాడింది కడదాకా వింది. సగంలో ఆపలేదు. నేను ఆశగా చూశాను. "పోయి అన్నం తిను," అంది. అంతకు మించి ఆమె నుంచి నాకు ఏమీ రాలేదు. సరిగ్గా పాడానో లేదో ఇప్పటికీ తెలియదు.

సోమవారం రమ్మనకపోయినా వెళ్లాను. సమాధుల తోటలో జనం బాగానే వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా ఒక పెద్దమనిషి పూలదండ తీసుకుని వచ్చాడు. ఎప్పుడో మూతపడిన ఆ పలకల ఫ్యాక్టరీ యజమాని తాలూకు మనిషట. అత్త కూతురు దండ అందుకోలేదు. "మా అమ్మకు దుమ్ము పెట్టి పంపినారు. పూలు ఇప్పుడు గుర్తొచ్చినాయా? తీస్కపో," అంది. ఆయన దండ చేత్తో పట్టుకునే వెనక్కి నడిచాడు. ఎవరూ ఆమెను వారించలేదు. నాకు ఆ క్షణంలో అత్తే మాట్లాడినట్టనిపించింది. ఆ పెద్దమనిషిని చూసి నేను తృప్తి పడబోయి, ఆగాను. దండ తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాదా?

ఇల్లు ఖాళీ చేయడానికి కూతురు అదే వారం శనివారం మళ్లీ వచ్చింది. సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే సాయం పట్టాను. వద్దనలేదు. మంచం, బిందెలు, రెండు ట్రంకు పెట్టెలు. చివర్లో, నా మొహం చూడకుండా అడిగింది.

"నీ కాడ ఒక్కటన్నా మిగిలిందా? మా అమ్మ గొంతు?"

"లేదు వదినా. అత్త ముందరే అన్నీ చెరిపేసినా. ప్రమాణం చేయించుకుంది."

"నా ఫోన్ల గూడా లేదు. ఎప్పుడూ మాట్లాడతానే ఉంటది గదా, రికార్డు చేసేదేంది అనుకున్నా," అంది. నెట్‌లో వెతికిందట. ఆమెను వెక్కిరిస్తూ ఎవరో సొంత గొంతులతో తీసిన ఎగఊపిర్లే దొరికాయట.

ఆటోలో కూర్చుని, చుట్టిన పరుపును ఒళ్లోకి లాక్కుంది. డ్రైవరు తాడు బిగిస్తుండగా, తనలో తాను పాడుకోవడం మొదలుపెట్టింది. పలకా పలకా నల్లని పలకా. ఆమెకు మాటలన్నీ తెలుసు. మూడో వరుస దగ్గరికి వచ్చి, పైకి చదువు అనేచోట, గబుక్కున కిందికి దిగింది.

నా నోరు ఊరుకోలేదు. "అక్కడ పైకి పోవాల వదినా. అత్తే చెప్పింది."

ఆమె తిరిగి నా వైపు చూసిన చూపు అచ్చం తల్లిదే. "నీకు మూడు నెల్లు చెప్పిందేమో. నన్ను ఒళ్లో ఏసుకుని ఇట్లనే పాడింది. నేను పుట్టినకాడి నుంచి ఇదే ఇంటున్నా. మా అమ్మ పాట నువ్వు నాకు నేర్పిస్తావా?"

వదిన పుట్టేనాటికే దుమ్ము అత్త లోపలికి చేరి పనిచేస్తోంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. చెప్పాలనిపించలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాను.

ఆటో కదిలింది. స్టేషన్ రోడ్డు వైపు తిరిగేదాకా ఆమె పరుపును రెండు చేతులా వాటేసుకుని పాడుతూనే ఉంది. ఇంజను మోతలోనూ నాకు తెలుస్తోంది, మూడో వరుస వచ్చిన ప్రతిసారీ రాగం కిందికే దిగుతోంది.