ఖాళీగా ఇవ్వరాని పుస్తకాలు

డెబ్బైల చివర్లో నేను హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తాత్కాలిక ఉద్యోగిని. చదువును జనం దగ్గరికి చేర్చాలని మా లైబ్రేరియన్ సారుకు బుద్ధి పుట్టింది. సొంతూరు జహీరాబాదు దగ్గరి రాయికోడ్ కావడం నా పాపం. ప్రతి శనివారం ట్రంకుపెట్టెడు పుస్తకాలు బస్సెక్కించుకుని జహీరాబాదు పోయి, బస్టాండు పక్క గదిలో కూర్చుని ఊళ్లవాళ్లకు చదువుకోవడానికి ఇవ్వాలి. పథకం నిలబడితే నా ఉద్యోగం పర్మనెంటు. లేకుంటే ఇంటికే.

ఎవరైనా పుస్తకం అంచు మడిస్తే సారు ఆ మనిషిని మడిచేసే రకం.

మొదటి పుస్తకం తీసుకున్నది ఝరాసంగం నుంచి వచ్చిన ఒక అవ్వ. ఆమెకు అక్షరం రాదు. ఏడో తరగతి చదివిన కోడలు పైకి చదువుతుంటే ఆమె వింటుంది. మరుసటి వారం పుస్తకం తిరిగిచ్చింది, దాంతోపాటు ఒక సంచిలో కందులు.

"ఇవెందుకవ్వా?" అన్నాను.

"ఖాళీగ ఎట్ల ఇయ్యాలె బిడ్డా? మంచిగుంటదా?"

మా అమ్మ కూడా పక్కింటివాళ్ల గిన్నెలో చిటికెడు చక్కెరైనా వేయనిదే తిరిగివ్వదు. కానీ పుస్తకం కూడా గిన్నే అని నాకు తట్టలేదు. నెల తిరిగేసరికి అందరూ అవ్వ దారే పట్టారు. న్యాల్‌కల్ నుంచి వ్యవసాయం పుస్తకం శనగలతో వచ్చింది. చరిత్ర పుస్తకాన్ని జొన్నల్లో పూడ్చి తెచ్చారు. వాటి వెనకాలే ఎలుకలు కూడా వచ్చి గ్రంథాలయంలో సభ్యులయ్యాయి.

హైదరాబాదులో సారు పెట్టె తెరిచి, తత్వశాస్త్రంలోంచి రాలిన కందులు చూసి కేకలేశాడు. గింజలు స్వీకరించడం నిబంధనలకు విరుద్ధమని మెమో ఇచ్చాడు. నేను గదికి బోర్డు కట్టాను: 'పుస్తకాలతో గింజలు తేరాదు.'

ఆ రోజు నుంచి ఒక్క పుస్తకం తిరిగి రాలేదు.

మూడు శనివారాలకు పెట్టె ఖాళీ అయింది. పుస్తకాలు వసూలు కాకపోతే పథకం మూసేస్తానన్నాడు సారు. చివరికి ఆయనే నా వెంట బయలుదేరాడు. ముందు అవ్వ ఇంటికే పోయాం. పుస్తకం గూట్లో భద్రంగా, పైన తువ్వాలు కప్పి ఉంది.

"ఎందుకియ్యలేదమ్మా?" అన్నాడు సారు.

"గింజలు తెస్తె మీ బోర్డుకు తప్పు, ఖాళీగ ఇస్తె మాకు తప్పు. గందుకె ఉంచిన," అన్నది అవ్వ, ఏ మాత్రం జంకకుండా. "మీరు పెద్దోళ్లు. మీరే చెప్పున్రి, ఎట్ల చెయ్యాలె?"

సారు నా వైపు చూశాడు. అంత చదువూ అక్కరకు రాని ఆ ముఖం చూసి నాకు లోలోపల సంబరమైంది, అబద్ధమెందుకు. అవ్వ ఒక స్టీలు డబ్బాలో జొన్నరొట్టెలు, పప్పు సర్ది, పుస్తకంతో పాటు ఆయన చేతిలో పెట్టింది. "ఇందుల గింజలు లెవ్వు సారూ. రొట్టెలే."

బోర్డు ప్రకారం తప్పు లేదు. మిగతా ఇళ్లవాళ్లూ అదే దారి పట్టారు. తిరుగు బస్సులో మా ఒళ్లో పుస్తకాలకంటే రొట్టెలే ఎక్కువ.

మరుసటి శనివారం పొద్దున సారు పిలిపించాడు. పథకం మూసే కాగితం ఇస్తాడనుకుంటూ పోయాను. బల్ల మీద అవ్వ డబ్బా, తళతళా తోమి ఉంది.

"దీన్ని ఖాళీగా ఎలా పంపనయ్యా?" అన్నాడు, మెమో రాసింది నేనే అయినట్టు నా మీద విసుక్కుంటూ.

గ్రంథాలయం ముద్ర ఉన్న ఒక పల్చని కథల పుస్తకం తీసి, గుండ్రంగా చుట్టి, డబ్బాలో కుక్కి మూత బిగించాడు. పేజీలు నలిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఈ డబ్బా ఖాళీగా తిరిగొచ్చేదాకా నువ్వు జహీరాబాదు పోతూనే ఉండాలి," అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అది ఖాళీగా రాదని మా ఇద్దరికీ తెలుసు.