రెండోసారి ఇవ్వని రక్తం

1964 ఫిబ్రవరి 12, బుధవారం, సాయంత్రం 4:20, పొడి ఎండ. బెంగళూరు బస్టాండులో దొడ్డబళ్ళాపురం నేతగాడు ఒకాయన మా ఆసుపత్రి చీటీ నా ముందు చాపాడు. ఆ ఆసుపత్రిలో నేను రక్తపరీక్షలు చేసేవాణ్ణి.

“గుండెనొప్పి అంటే రక్తం తీసినారప్పా. రేపు మళ్ళీ ఇయ్యాలంట. ఆడ మగ్గం నిల్చిపోయి ఉండాది. రావల్లనా?”

చీటీలో గుండె దెబ్బను పట్టే రక్తపరీక్ష అంకె 28. నలభై దాటితేనే గుండె దెబ్బతిన్నట్టు లెక్క.

“అక్కర్లేదప్పా, మగ్గం చూసుకో,” అన్నాను.

“బతికిస్తివి!” అని నవ్వి, చీటీ నా చేతిలోనే వదిలి బస్సెక్కాడు.

బస్సు వెళ్ళాక మిగతాది చదివాను. నొప్పి మొదలైంది ఆ పొద్దున తొమ్మిదికి. రక్తం తీసింది పదికి. గుండె దెబ్బతిన్నా ఆ అంకె పెరగడానికి కనీసం ఆరు గంటలు పడుతుందని నాకు తెలుసు.

వారం చివర, ఆ వారం రెండోసారి రక్తమిచ్చినవారి పేర్లు ఆసుపత్రి చిట్టాలో లెక్కపెట్టాను. ఆయన పేరు లేదు. మొత్తం పదకొండు.