సంగటివాలా

రాయచోటి బడిలో నేను ఇంగ్లీషు అయ్యవారిగా ఉన్న రోజుల్లో, నాకు తెలియని ఇంగ్లీషు మాట లేదని ఊళ్లో పేరుండేది. ఆ పేరు పుట్టించింది నేనే.

బడి ఎదుట ఒక ముసలి సాయిబు హోటలు నడిపేవాడు. మొదటి యుద్ధంలో పటాలంతో ఫ్రాన్సుకు, ఆయన మాటలో పరాసు దేశానికి, పోయి, రెండేళ్లు కంచరగాడిదలు తోలి వచ్చినవాడు. ఆకులో సంగటి ముద్ద పెట్టినప్పుడల్లా చెయ్యి విసిరి "వ్వాలా!" అనేవాడు. అదేం మాటని పిల్లలు నన్నడిగితే తడుముకోకుండా చెప్పాను: "ఉర్దూ. జట్కావాలా లేడూ? అట్లే ఈయన సంగటివాలా." సాయిబును మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఒకసారి తనిఖీకి మద్రాసు నుంచి ఇన్స్పెక్టరు వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి అక్కడికే తీసుకుపోయాను. సాయిబు సంగటి పెట్టి, కోడిపులుసు పోసి, "వ్వాలా!" అన్నాడు.

ఇన్స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఈ మాట ఈ ఊరికెలా వచ్చింది?"

నేను గొంతు సవరించుకుని నా ఉర్దూ పాఠం మొదలుపెట్టాను. సాయిబు అడ్డమొచ్చాడు.

"అది మా మాట గాదు అయివారూ, పరాసోళ్లది. ఆడ ఒక అవ్వ మాకు రొట్టె పెట్టేటప్పుడు అట్లనేది. 'ఇదో, సూడు' అని."

ఇన్స్పెక్టరుకు నవ్వుతో పొలమారింది. "నిజమే. 'వ్వా' అంటే చూడు, 'లా' అంటే అక్కడ. రెండూ కలిసి ఒక్క మాటయింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎత్తుకొచ్చి, ఏదైనా గొప్పగా చూపించేటప్పుడు వాడుకుంటారు. మీ నిఘంటువులోనూ ఉంటుంది మాస్టారూ!"

ఉండే ఉంటుంది. ఆ నిఘంటువును నేను కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఆయన్ను బస్సెక్కించి, తల దించుకుని సాయిబు దగ్గరికి పోయాను.

"ఏమప్పా, ఇన్నాళ్లూ నాకొక్క మాట చెప్పగూడదా?"

"మీరెప్పుడడిగితిరి? పిల్లకాయలు సంగటివాలా అని పిలుస్తాంటే, నాకేదో బిరుదిచ్చినారనుకుంటి."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఆయన్ను తరగతికి పిలుచుకుపోయి, నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను చెప్పింది తప్పని పిల్లల ముందు ఒప్పుకున్నాను. ఆయన మంచు గురించీ, ఆ అవ్వ గురించీ చాలాసేపు చెప్పాడు. నేను చెప్పే పాఠం ఏనాడూ అంత నిశ్శబ్దంగా సాగలేదు. అంతా విని ఒకడు లేచి అడిగాడు:

"తాతా, ఆడ సంగటి దొరుకుతాదా?"

"దొరికింటే ఈ ఎండల్లోకి మళ్లా ఎందుకొస్తా నాయనా!"