నాయన ఎడమ చెయ్యి

రాయడం నాకు యాభయ్యో ఏట వచ్చింది. నాయనకు చొక్కా గుండీలు పెట్టడానికి, అన్నం తినిపించడానికి ఇంట్లో ఒక మనిషి కావలసివచ్చి, నన్ను రెండో తరగతిలోనే బడి మాన్పించారు. గల్ఫు దేశంలో, ఐన్ ఖాలిద్‌లో నేను వంట చేసే ఇంట్లో తోటి పనిమనిషి రెండేళ్లపాటు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది.

మొన్న ఆ ఇంటి మేడమ్ కుట్టుమిషనుకు నేను నూనె వేస్తుంటే ఆ వాసనకు నాయన గుర్తొచ్చాడు. ఆయన మా ఊరి పెద్దమనిషికి, పెద్దాయప్పకు గన్‌మన్. ఎండాకాలం పొద్దుటిపూట, వాకిట్లో ఎండబోసిన వేరుశనగ బుడ్డల మట్టివాసన మధ్య, గోనెసంచి మీద పిస్టల్ విప్పుకుని, అమ్మ పాతచీర పేలికతో తుడిచి, కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా వేసేవాడు. నేను పక్కన కచ్చకాయలాడుతూ, అన్నీ బిగించాక గొట్టంలోకి తూటా ఎక్కే చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. తూటా అట్లా ఎక్కించి ఉంటే ఇక మీట నొక్కడమే తరువాయి.

ఒకనాడు ఆయన దాన్ని గూట్లో పెట్టి స్నానానికి పోతే, నేను ఒళ్లో పెట్టుకుని ఆ పేలికతోనే తుడుస్తూ కూర్చున్నాను. అమ్మ చూసింది.

"బిడ్డ పోతే మీ పెద్దాయప్ప తెచ్చిస్తాడా?"

ఆనాటి నుంచి నాయన, ఇంటికొచ్చినప్పుడల్లా తూటా తీయడం ఏదో ఒకనాడు మరిచిపోతానని, ఇంటా బయటా గొట్టం ఖాళీగానే ఉంచుకోసాగాడు. పేల్చాలంటే ఇక రెండో చేత్తో పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగి వదలాల్సిందే.

ఆ ఏడు పీర్ల పండగకు నన్ను వెంటబెట్టుకుపోయాడు. గుండం పొగ, ఊదు వాసన, నా గుప్పిట్లో బెల్లం కారుతున్న మలీద ముద్ద. గుంపులోంచి ఎదుటి వర్గం మనుషులు ఇద్దరు కొడవళ్లతో వచ్చారు. నాయన కుడిచెయ్యి పిస్టల్ తీసింది. ఎడమ చెయ్యి నన్ను వీపు వెనక్కి లాక్కుని పట్టుకుంది, వదల్లేదు.

భుజం మీది దెబ్బకు కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. ఎడమచేత్తో తినడానికి మనసొప్పక, ఆయన చివరిదాకా నా చేతిముద్దే తిన్నాడు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

నూనె వేసిన మధ్యాహ్నమే తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ పండగనాటికి వాడు ఉయ్యాల్లో పిల్లాడు. ఇప్పుడు వాడికీ గన్‌మన్ పనే దొరికింది. లేకలేక పుట్టిన వాడి కూతురు తప్పటడుగులు వేస్తోంది.

"అక్కా, తూటా ఎక్కించి పెట్టుకోవల్లనా, ఖాళీగానా? ఖాళీదైతే దానికి బదులు తాళాలగుత్తి కట్టుకోరా అని నగుతాండారు ఈడ. నాయన యెట్ల పెట్టుకుంటాండె?"

"డ్యూటీలో ఉండాను. రేపు చెప్తాలేరా."

నాయన చెయ్యి ఎందుకు పోయిందో వాడికి ఎవరమూ చెప్పలేదు. చెబితే నా పేరు చెప్పాలి. అమ్మా నాయనా లేరు, పీర్ల చావిడి ముందు గుండం పూడ్చి సిమెంటు పోశారట, పిస్టల్ ఎప్పుడో పోలీసుస్టేషనుకు చేరింది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

మరునాడు పొద్దున, ఇంట్లోవాళ్లకు టీ పెట్టకముందే, కాగితం మీద నా చేత్తో మూడు వాక్యాలు రాసి, ఫోటో తీసి తమ్ముడికి పంపాను.

"నాయన ఖాళీగా పెట్టుకున్నాడు. చెయ్యి పోయింది. నేను ఉన్నాను."