బ్యాండేజీ అవతలి కొస

నేను నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశాను. చనిపోయినవాళ్లకు ఒళ్లు తుడిచి, కళ్లు మూసి, గుడ్డ కప్పిన చేతులు నావి. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నవ్వొచ్చేది. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. ఆ రోజు జరిగింది జరిగినంత మేరకే చెబుతాను.

అరవైల్లో మాట. నవంబరు నెల, ముసురు పట్టి మూడో రోజు. చిట్టమూరుకు అవతల, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె నుంచి కబురొచ్చింది. చెంగమ్మ అనే అమ్మాయికి తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. డ్రైవరు దేవదానం అన్న, నేను వ్యాను వేసుకుని వెళ్లాం. చెంగమ్మను వెనక స్ట్రెచర్ మీద పడుకోబెట్టి సూది వేశాను. తల దగ్గర ఆమె అత్త కూర్చుంది. కుడి కిటికీ పక్కన మొగుడు పోలయ్య కూర్చున్నాడు. నెల్లూరు చేరి ఆపరేషన్ చేస్తే తప్ప తల్లీబిడ్డలు దక్కరు.

మధ్యాహ్నం మూడు దాటింది. రోడ్డెక్కిన కాసేపటికే వైపర్ ఆగిపోయింది.

ఆ వ్యానుకు ఉన్నది ఒకటే వైపర్, డ్రైవరు ముందు. ఇంజను గాలి పీల్చే బలంతో తిరిగేది. ఆ గాలికి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఉండేది. దేవదానం అన్న దిగి చూస్తే గొట్టం చీలి ఉంది.

“సిస్టరమ్మా, నీ ప్లాస్టరు ఇట్టియ్యి,” అన్నాడు.

పుండ్లకు వేసే ప్లాస్టరే చీలిక మీద చుట్టాడు. ఒక మైలు తిరిగి వైపర్ మళ్లీ ఆగింది. ఈసారి వైపర్ డబ్బా విప్పాడు. లోపలి తోలు ముక్క చిరిగిపోయింది. దానికి అక్కడ చేయగలిగింది లేదు. నీళ్లు జారిపోతాయని చుట్ట విప్పి పొగాకు అద్దానికి రుద్దాడు. ఆ వానకు అదీ నిలవలేదు. రోడ్డేదో కాలవేదో తెలియడం లేదు. వెనక చెంగమ్మ మూలుగుతోంది.

ఆయన నా పెట్టెలోంచి పొడుగాటి బ్యాండేజీ తీసి, దాని నడుమను వైపర్ పుల్లకు ముడేశాడు. ఒక కొస ముందు ఎడమ కిటికీలోంచి నా చేతికిచ్చాడు. రెండో కొస వెనక కుడి కిటికీలోంచి పోలయ్యకిచ్చాడు.

“సిస్టరమ్మ లాగినాక నువ్వు లాగాల. వల లాగేవాడివి, నీకు చెప్పేదేముంది!”

నా చోటు నిజానికి రోగి దగ్గర. నేను తటపటాయిస్తుంటే చెంగమ్మ అత్త, “నువ్వు ముందుకు పోమ్మా. ఏదన్నా అయితే కేకేస్తా,” అంది. ముందుకూ వెనక్కూ మధ్య టార్పాలిన్ తెర ఉండేది.

నేను లాగితే వైపర్ ఎడమకు వచ్చేది, అవతల లాగితే కుడికి పోయేది. మొదట రెండు మూడు సార్లు తడబడింది. తర్వాత కుదిరింది. ఎంతగా కుదిరిందంటే, లాగుతున్నానన్న సంగతే మరిచిపోయాను. అద్దం మీద విసనకర్రంత జాగా తేటపడేది. అందులో తాటిచెట్లు, నీళ్లలో నిలబడ్డ కొంగలు, ఒక పడవ కనిపించి కరిగిపోయేవి. వాన చప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టుండేది. నా చేతిలోంచి బ్యాండేజీ మెత్తగా, తొందర లేకుండా జారుతూ పోయేది. చెంగమ్మ మూలిగినప్పుడు అవతలి లాగుడు క్షణం ఆగేది. పెళ్లాం వైపు చూస్తున్నాడు కాబోలు అనుకున్నాను. గూడూరు ఎప్పుడు దాటామో నాకు గుర్తు లేదు.

చీకటి పడేసరికి ఆసుపత్రిలో ఉన్నాం. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఇద్దరూ దక్కారు.

బయట వరండాలో ఉన్న పోలయ్య దగ్గరికి వెళ్లి, “చేతులు బొబ్బలెక్కుంటాయి, చూపించు,” అన్నాను.

అతను వింతగా చూశాడు. “నేనేడ లాగినానమ్మా? మూడోతూరికే కొస జారి బయట పడిపోయింది. కిటికీలో తలబెట్టి అరిచినా, వానలో మీకు ఇనపడలా. బండి పోతానే ఉండాది గదా, అన్నే లాక్కుంటా ఉండాడేమో అనుకున్నా.”

నా అరచేతిలో ఎర్రటి చార ఉంది. అతని చేతుల్లో ఏమీ లేదు. వ్యాను దగ్గరికి వెళ్లి చూశాను. కుడివైపు కొస కిందికి వేలాడుతోంది, బురద పట్టి, రాళ్లకు పీలికలైపోయి. దేవదానం అన్న కిటికీ అద్దం దారి పొడుగునా మూసే ఉంది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండడం నేను చూశాను. గాలి అందామంటే అది సముద్రం వైపు నుంచి వీచింది, అంటే కుడి నుంచి ఎడమకు. గాలే అయితే వైపర్ నా వైపే నిలిచిపోవాలి. వైపర్ డబ్బాలో ప్రాణం లేదని మర్నాడు మెకానిక్ కూడా చెప్పాడు.

దేవదానం అన్న అంతా విని ఆ బ్యాండేజీ కోసి పారేశాడు.

చాలా ఏళ్లకు, ఆయన పని మానేసే రోజున టీ తాగుతూ ఆ వైపర్ సంగతి మళ్లీ అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

“చిట్టమూరు రాకముందే చూసినా సిస్టరమ్మా, పక్కద్దంలో. కొస నేల మీద ఈడ్చుకుంటా వస్తా ఉండింది. ముందరేమో వైపర్ తిరగతా ఉండింది.”

“మరి అప్పుడే చెప్పలేదేం అన్నా?”

“చెప్తే నువ్వు వదిలేస్తావు గదా!”

ఎవరు లాగారని నేను ఆయన్ను అడగలేదు, ఆయనా నన్ను అడగలేదు.