ఒడిబియ్యంలో వచ్చిన నేలపువ్వు

మా పెళ్లినాటికి గంగామణికి పదహారేళ్లు, నాకు ఇరవై. ఇందల్వాయి నుంచి అత్తవారింటికి పంపే రోజు వాళ్లమ్మ ఆమె ఒడిలో బియ్యం పోసింది. ఆ బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములతో పాటు బొటనవేలంత గుండ్రటి దుంప ఒకటి ఉంది. మా అమ్మ దాన్ని పసుపు గోళ అనుకుంది. పసుపు తల్లిదుంపను మా దగ్గర గోళ అంటారు. నూరడానికి రోటి దగ్గరికి తీసుకుపోతుంటే గంగామణి పరుగున వచ్చి లాక్కుంది.

"గది పసుపు కాదత్తా, నేలపువ్వు!"

కొత్త కోడలు అత్త చేతిలోది లాక్కున్నదని మా వాడలో ఆరు నెలలు చెప్పుకున్నారు.

ఆ దుంపను ఆమె పెరట్లో బావి పక్కన పెట్టింది. ఆకులు పసుపాకుల్లాగే ఉండేవి, అడుగున మాత్రం వంకాయ రంగు. పుష్యమాసం వచ్చేసరికి ఎండి పడిపోయేవి. ఆ తర్వాత మడి బోడిగా, అక్కడేమీ లేనట్టే ఉండేది. శివరాత్రి దాటిందంటే ఆకు లేదు, కాడ లేదు, మట్టిలోంచి నేరుగా పువ్వు లేచేది. తెల్లటి సన్నని రెక్కలు, మధ్యలో ఊదా రంగు. ఒక్క పూటే ఉండేది. మళ్లీ మర్నాడు ఇంకొకటి.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మా ఊరు ఆర్మూర్ బడిలో ఏడో తరగతి చదివాను. ఆ చదువుతోనే సహకార సంఘానికి రెండుసార్లు డైరెక్టర్నయ్యాను. పసుపు పాలిష్ చేసే డ్రమ్మును మా వైపు మొదట తెచ్చింది నేనే. మార్కెట్లో నా పసుపు కుప్ప దగ్గర వ్యాపారులు ఆగి చూసేవాళ్లు. కళ్లు మూసుకుని వాసన చూసి ఏ చేని పసుపో చెప్పేవాణ్ణి. జిల్లా పూల ప్రదర్శనలో నేలపువ్వుకు మొదటి బహుమతి వచ్చింది. ఆ ప్రశంసాపత్రం మీద ఉన్నది నా పేరే. ముందు గదిలో ఇప్పటికీ వేలాడుతోంది. పూలు పెంచింది గంగామణి.

ఆమె తోటలో మార్చికి ఎర్ర లిల్లీలు బారులు తీరేవి. చేమంతులు చివరి విడత పూసేవి. ఎవరు అడిగినా దుంప తవ్వి, పిలక తీసి ఇచ్చేది. మా చేనులో ఇరవై ఏళ్లు పసుపు తవ్విన ఎంకవ్వ ఇంటి ముందు కూడా పెయింట్ డబ్బాల నిండా గంగామణి ఇచ్చిన మొక్కలే. ఒకసారి ఎంకవ్వ వచ్చి అడిగింది.

"పటేలమ్మా, గా నేలపువ్వుది ఒక్క దుంప ఇయ్యరాదు."

గంగామణి కొంగు దోపుకుని లేచింది. నేను మంచం మీద కూర్చునే అన్నాను.

"లిల్లీలు తీస్కపో, చేమంతులు తీస్కపో. గిది మాత్రం ఆర్మూర్ల మా ఒక్కింట్లనే ఉండాలె. ఊరంత పూస్తే మా ఇంటికి చూడనీకె ఎవలొస్తరు?"

ఎంకవ్వ నవ్వింది. "ఉండనీ పటేలా. దిష్టి తాకుతదేమో, జర నిమ్మకాయ కట్టుండ్రి."

గంగామణి కూర్చుంది. ఆ రోజంతా ఆమె నాతో మాట్లాడలేదట. తర్వాత ఎప్పుడో మా కోడలు చెబితే తెలిసింది.

నిరుడు పుష్యమాసంలో ఆమె ఆ మడి తవ్వింది. దుంపలు ఒకదానిమీదొకటి ఇరుక్కున్నాయట. విడదీస్తే పన్నెండు అయ్యాయి. వాటికి బూడిద పట్టించి, గంపలో పోసి, కొట్టంలో మూలకు పెట్టింది. నాకు ఏదో చెప్పింది. నేను ఫోన్లో పసుపు ఉడికించే బాయిలర్ అతనితో మాట్లాడుతున్నాను. ఊఁ అన్నాను. ఆ సాయంత్రమే ఆమెకు కడుపునొప్పి లేచింది. ఎన్నాళ్లుగా ఓర్చుకుందో, ఆ రోజు ఓర్వలేకపోయింది. కొడుకు సురేశ్ కారులో నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. నేను పోలేదు. మర్నాడు పసుపు ఉడకబెట్టే వంతు మాది. ఆ వంతు పోతే పదిహేను రోజులు ఆగాలి.

పొద్దున్నే బాయిలర్ వచ్చింది. కూలీలు దాని డ్రమ్ముల్లోకి పసుపు ఎత్తుతున్నారు. కొట్టంలో గంప కనబడింది. బూడిద పట్టిన గుండ్రటి దుంపలు. విత్తనానికి దాచి మరిచిన గోళ అనుకున్నాను. గోరుతో గీరి చూస్తే లోపల తెలుపని తెలిసిపోయేది. పసుపు సంగతిలో నేను గీరి చూడడమా? గంప ఎత్తి నా చేతులతోనే డ్రమ్ములో పోశాను.

మూడో రోజు ఇంటి పక్క కల్లంలో ఆరబోసిన పసుపును కాలితో తిరగేస్తుంటే మధ్యలో తెల్లగా పాలిపోయిన ముక్కలు కనబడ్డాయి. వంగి ఏరాను. పన్నెండు. ఎవరూ చూడకుండా వాటిని కింద పరిచిన పట్టా అంచు కిందికి తోశాను.

దవాఖానలో కడుపు కోసి చూసి మళ్లీ కుట్టేశారు. చేసేదేం లేదన్నారు. వేసవి దాటడం కష్టమని సురేశ్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. తొమ్మిదో రోజు ఆమెను ఇంటికి తెచ్చారు. కారు దిగుతూనే అడిగింది.

"దుంపలు పెట్టినవా అయ్యా?"

"పెట్టిన. పన్నెండుకు పన్నెండు పెట్టిన."

అంత సులువుగా నోట్లోంచి వచ్చింది ఆ మాట.

మరునాటి నుంచి ఆమె రోజూ పొద్దున్నే మడి పక్కన పీట వేసుకుని కూర్చునేది. చెంబుతో నీళ్లు చల్లేది. లిల్లీలు మొగ్గ వేశాయి, ఆమె అటు తిరగలేదు. బోడి మట్టినే చూస్తుండేది. ఈ ఒక్కసారి ఆ పువ్వు చూపించాలని నేను తిరగని చోటు లేదు. ఇందల్వాయిలో వాళ్ల పుట్టింటి పెరడు రోడ్డులో పోయింది. జక్రాన్‌పల్లి దగ్గర నర్సరీ అతను ఇప్పుడు దొరకదని, వానలు పడ్డాక రమ్మన్నాడు. చివరికి ఎంకవ్వ ఇంటికి పోయాను.

"ఎంకవ్వా, నిజం చెప్పు. గంగామణి నీకు చాటుగ ఒక్క దుంపన్న ఇచ్చిందా? నేనేమనను."

ఆమె చేతిలో చీపురు ఆపింది. "నువ్వు ఒద్దంటివి గద పటేలా. నీ మాట దాటి పటేలమ్మ ఏనాడన్న ఇచ్చిందా?"

"ఇచ్చినా బాగుండు," అన్నాను.

శివరాత్రి పోయింది. హోళీ ముందురోజు పొద్దున ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"గంగామణీ, మడిల ఏం లేదు."

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"దవాఖాన నుంచి వచ్చిన్నాడే. కల్లంల పట్టా కింద తెల్ల ముక్కలు అగుపడ్డయి."

"మరి గిన్ని రోజులు నీళ్లెందుకు పోసినవ్?"

ఆమె చెంబును కింద పెట్టింది. "నువ్వు చెప్తవేమోనని కూసున్న. పువ్వు కోసమని కాదు." తడి చేయి కొంగుకు తుడుచుకుని అంది, "గా దినం గూడ చెప్పిన నీకు. గంపల ఉన్నయి, శివరాత్రి ముంగట పెట్టు అని. ఊఁ అన్నవ్. యాభై ఏండ్ల నుంచి ఊఁ అంటనే ఉన్నవ్."

కోపంగా అనలేదు. జ్వరం చూసినట్టు నా నుదుటి మీద చేయి పెట్టింది. హోళీ అయిన పదకొండో రోజున ఆమె పోయింది.

వానలు పడ్డాక నర్సరీ అతను రెండు దుంపలు తెప్పించి ఇచ్చాడు. ఒకటి ఆమె మడిలో పెట్టాను. ఇంకొకటి ఎంకవ్వకు ఇచ్చాను.

"గిప్పుడు ఆర్మూర్ల రెండిండ్లల్ల ఉంటది పటేలా. ఫికర్ లేదా నీకు?"

"ఊరంత ఉండనీ."

ఈ ఏడు శివరాత్రి దాటిన నాలుగో రోజున ఎంకవ్వ మా గేటు దగ్గరికొచ్చి పిలిచింది. ఆమె పెయింట్ డబ్బాలో పూసింది. పోయి, వంగి చూసి వచ్చాను. అదే తెలుపు, అదే ఊదా.

మా మడి ఇంకా బోడిగానే ఉంది. పొద్దున్నే చెంబెడు నీళ్లు చల్లి, ఆమె పీట మీద కూర్చుంటున్నాను. దుంప కుళ్లిందేమో, మట్టి తీసి గోరుతో గీరి చూద్దామని చేయి ముందుకు పోతుంది. వెనక్కి తీసుకుంటున్నాను.